తల ఉండాల్సిన చోట కెమెరా: ఇంట్లో వీడియోలు తీసే ఒకావిడ కేస్

ఇంట్లో కూర్చుని వీడియోలు చేసేవాళ్ల పనిచోటు సరిచేసి ఇవ్వడం నా వృత్తిలో ఒక భాగం. చాలా కేసులు రెండు మూడు గంటల్లో తేలిపోతాయి. కుర్చీ ఎత్తు, స్క్రీన్ దూరం, లైటు దిశ, అంతే. ఈ కేస్ నాలుగు నెలలు నడిచింది. అందులో మొదటి మూడు వారాలు నా తప్పు వల్లే వృథా అయ్యాయి. అందుకే రాస్తున్నాను.

ఆవిడ అనుమతితోనే రాస్తున్నా. పోల్చుకునే వీలు లేకుండా వయసు, ఇంటి వివరాలు, చేసే చేతిపని కొంత మార్చాను. చేతికుట్టు అని రాసిన చోట అసలు పని వేరు. కాకపోతే సన్నటి పనిముట్టు, మూరెడు దూరంలో చూపు, గంటల తరబడి వంగి కూర్చోవడం మాత్రం ఉన్నవే.

నేపథ్యం

నలభై ఎనిమిదేళ్ల ఆవిడ. నాలుగేళ్లుగా చేతికుట్టు నేర్పే వీడియోలు చేస్తున్నారు. వారానికి రెండు వీడియోలు, ఒక్కొక్కటి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. తీయడం, మాట్లాడడం, ఎడిటింగ్ అన్నీ ఒక్క చేతి మీదే. కాలేజీలో చదివే అబ్బాయి సెలవుల్లో సాయం చేస్తాడు. పని జరిగేది ఇంట్లో ఎవరూ పడుకోని చిన్న పడకగదిలో. గది సుమారు మూడున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. గోడవారగా మంచం, బట్టల అల్మరా, ఎడమవైపు ఒక కిటికీ, ఒక టేబుల్. చుట్టాలు వస్తే ఆ గది వాళ్లకే. కాబట్టి సామానంతా ఎప్పటికప్పుడు తీసి అల్మరా మీద పెట్టాల్సిందే. ఈ చివరి మాట ఆవిడ యథాలాపంగా అన్నారు, నేనూ యథాలాపంగానే రాసుకున్నాను. అసలు చిక్కుముడి అక్కడే ఉందని నాకు తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి.

ఏమని పిలిచారు

"కొత్త కెమెరా ఏది కొనమంటారండీ?" ఫోన్‌లో మొదటి ప్రశ్న ఇదే. వీడియోలు మునుపటిలా రావడం లేదనీ, తీసేటప్పుడు ఓపిక ఉండడం లేదనీ చెప్పారు. ఓపిక ఎందుకు ఉండడం లేదని అడిగితే అప్పుడు బయటపడింది: కుడి మెడ నుంచి భుజం దాకా నొప్పి, సాయంత్రానికి తలనొప్పి, అప్పుడప్పుడూ బొటనవేలిలో తిమ్మిరి.

తిమ్మిరి అనగానే నేను ఆగాను. అది నరానికి సంబంధించినదైతే కుర్చీ, టేబుల్ మార్చి కూర్చోవడం పొరపాటు. ముందు డాక్టరుకు చూపించుకుని రమ్మన్నాను. పరీక్షల్లో భయపడాల్సింది ఏమీ కనబడలేదనీ, పని చేసే తీరు మార్చుకోమన్నారనీ చెప్పాకే ఇంటికి వెళ్లాను.

నాకన్నా ముందే ఆవిడ మూడు వస్తువులు కొని ఉన్నారు. ఒక రింగ్ లైటు, వీపు ఎత్తుగా ఉన్న ఆఫీసు కుర్చీ, గోడకు అతికించే నల్లటి ఫోమ్ ముక్కలు పన్నెండు. మూడింటితోనూ సుఖం కలగలేదు. నాలుగోది కెమెరా అవ్వబోతోంది, అంతే.

కుర్చీ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను, ఎందుకంటే అది తేలిక. ఆవిడ పొట్టి, టేబుల్ పొడుగు. టేబుల్‌కు తగ్గట్టు కుర్చీ ఎత్తితే పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. పాదాల కింద పది సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి పెట్టె పెట్టాం. కుర్చీ చేతులు టేబుల్ అంచుకు తగిలి దగ్గరికి జరగనివ్వడం లేదు, వాటిని విప్పేశాం. ఆ రోజే నడుముకు కొంచెం హాయిగా ఉందన్నారు. మెడకు మాత్రం ఏమీ లేదు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

నేను వెళ్లిన రోజు ఆవిడ ఎడిటింగ్‌లో ఉన్నారు. టేబుల్ మీద ల్యాప్‌టాప్, దాని మీదికి ముప్పై డిగ్రీల దాకా వంగిన మెడ. ల్యాప్‌టాప్‌తో వచ్చే తంటా ఇదే. తెర, కీబోర్డు అతుక్కుని ఉంటాయి గనక తెరను కంటి ఎత్తుకు తెస్తే చేతులు గాల్లోకి లేస్తాయి, చేతులకు అనువుగా పెడితే మెడ వంగుతుంది. వీడియో ఒక్కోదానికి ఎడిటింగ్ ఎంతసేపని అడిగాను. అయిదు గంటలు అన్నారు. వారానికి పది గంటలు ఇలా వంగి ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను: ల్యాప్‌టాప్‌ను స్టాండు మీదికి ఎక్కించి, తెర పై అంచు కంటి ఎత్తుకు తెచ్చి, విడిగా కీబోర్డు, మౌస్ పెట్టాను. చూడడానికి చక్కగా ఉంది. ఫొటో కూడా తీసుకున్నాను.

పది రోజుల తర్వాత ఫోన్. నొప్పి భుజం నుంచి మెడ వెనక్కి, పుర్రె మొదలుకు జరిగింది. తలనొప్పి మధ్యాహ్నానికే వస్తోంది. "మీరు పెట్టినట్టే పెట్టానండీ, అంగుళం కూడా కదపలేదు" అన్నారు. అలవాటు పడడానికి టైం పడుతుందని చెప్పి ఇంకో పది రోజులు ఓపిక పట్టమన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. శరీరం కొత్త భంగిమకు అలవాటు పడేటప్పుడు కొంచెం బడలిక ఉంటుంది, నిజమే. నొప్పి చోటు మారి పెరిగిందంటే మాత్రం అది అలవాటు పడడం కాదు.

రెండోసారి వెళ్లినప్పుడు కొలతలేవీ తీయలేదు. పక్కన కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) కింద ఉంటుంది, మెనూలు, ప్రివ్యూ పైన ఉంటాయి. కిందికి చూస్తున్నంతసేపూ ఆవిడ తల నిటారుగానే ఉంది. పైన మెనూ చదవాల్సి వచ్చిన ప్రతిసారీ గడ్డం పైకి లేస్తోంది, తల వెనక్కి వాలుతోంది, చూపు అద్దాల కింది భాగంలోంచి పోతోంది. ఒక నిమిషంలో తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను.

ఆవిడవి ప్రోగ్రెసివ్ అద్దాలు. నలభై దాటాక దగ్గరి చూపు మందగించినప్పుడు ఇచ్చేవి. పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి, మధ్యలో ఇరుకైన దారి లాంటి భాగం మధ్య దూరానికి. కంప్యూటర్ తెర ఉండేది ఆ మధ్య దూరంలోనే. నేను తెరను ఎత్తితే ఆ ఇరుకు దారిలోంచి చూడడానికి ఆవిడ తలను వెనక్కి వంచక తప్పలేదు. మొదటి రోజు కళ్లజోడు నా కళ్లెదుటే ఉంది. అది ఏ రకమో అడగాలని తోచలేదు.

మా పనిలో రూలా అనే కొలమానం వాడతాం. మెకటామ్నీ, కార్లెట్ అనే ఇద్దరు 1993లో ప్రచురించారు. చేతులు, మెడ, నడుము ఏ కోణంలో ఉన్నాయో చూసి మార్కులు వేసి, చివరికి 1 నుంచి 7 దాకా ఒక అంకె తేలుస్తారు. 7 అంటే వెంటనే మార్చమని. అందులో మెడ ఒక్కదాని లెక్క ఇలా ఉంటుంది: పది డిగ్రీల లోపు ముందుకు వంగితే 1, ఇరవై దాకా 2, ఇరవై దాటితే 3, వెనక్కి వాలితే 4. అంటే నేను కష్టపడి ఆవిడ మెడను 3 నుంచి 4కు చేర్చాను.

వెంటనే తెరను దించాం. పై అంచు కంటికన్నా దాదాపు పది సెంటీమీటర్లు కిందికి, తెర మొత్తం వెనక్కి కొంచెం వాలి ఉండేలా. కంటి నుంచి తెరకు దూరం టేపుతో కొలిస్తే 65 సెంటీమీటర్లు వచ్చింది. ఆ అంకెను కాగితం మీద రాసిచ్చి, కళ్ల డాక్టరు దగ్గరికి పంపాను. "కంప్యూటర్ కోసం అద్దాలు కావాలి" అంటే ఏ దూరానికో వాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది. 65 అని చెబితే ఊహించే పని లేదు. ఆ దూరానికే సరిపడే ఒకే పవర్ అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకున్న వారంలోనే తలనొప్పులు చాలావరకు పోయాయి.

ఒక చిన్న తంటా మిగిలింది. కుట్టడానికి లేచినప్పుడు ఆ అద్దాలతోనే వెళ్లి, సూది మసకగా కనబడుతుంటే మళ్లీ ముందుకు వంగేవారు. రెండు చోట్లా గోడకు ఒక్కో మేకు కొట్టాం. ఏ చోటి జోడు ఆ మేకుకే వేలాడుతుంది.

ఇక్కడి నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. వారానికి ఒకటే మార్పు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో చెప్పలేం.

కుట్టేటప్పుడు

తలనొప్పి తగ్గింది, కుడి భుజం నొప్పి తగ్గలేదు. అప్పుడు ఆవిడతో వారం రోజులు డైరీ రాయించాను. ఏ పని ఎన్ని నిమిషాలు, ఆ పని ముగిశాక నొప్పి పదికి ఎంత. నొప్పి అంకె ఎక్కువున్నవన్నీ కుట్టు షూటింగ్ పక్కనే ఉన్నాయి. ఎడిటింగ్ పక్కన కావు. ముందే రాయించి ఉంటే బాగుండేది.

షూటింగ్ ఎలా చేస్తారో చూపించమన్నాను. వంగే స్టాండుకు ఫోన్ బిగించి, కుట్టు ఫ్రేముకు సరిగ్గా పైన, నలభై సెంటీమీటర్ల ఎత్తులో పెట్టారు. తర్వాత కుర్చీలో కూర్చుని, మొండెం ఎడమకు జరిపి, మెడ కుడికి తిప్పి, ఫోన్ పక్కనుంచి తొంగిచూస్తూ సూది దించారు. రెండున్నర గంటలు అలాగేనట.

ఫోన్ తీసేసి మామూలుగా కుట్టమన్నాను. తల దానంతట అదే వచ్చి ఫ్రేముకు నలభై సెంటీమీటర్ల పైన నిలబడింది. కెమెరాకూ, తలకూ ఒకటే చోటు కావాలి. ఇన్నాళ్లూ ఆ చోటు కెమెరాకు ఇచ్చి తలను పక్కకు తోశారు.

అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు: ఫోన్‌లో కనబడేది ఎదురుగా పెద్ద తెర మీద వేసి, అమ్మ తెరను చూస్తూ కుట్టొచ్చు కదా అని. సర్జన్లు కొందరు అలాగే చేస్తారు, ఆలోచన మంచిదే. కానీ తెర మీదికి బొమ్మ రావడానికి రెప్పపాటు ఆలస్యం ఉంటుంది. చెయ్యి ముందు పోతుంది, బొమ్మ వెనక వస్తుంది. పది నిమిషాల్లో రెండుసార్లు సూది వేలికి దిగింది. ఆపేశాం.

తర్వాత ఫోన్‌ను ఆవిడకు ఎదురువైపు పెట్టి, బొమ్మను ఎడిటింగ్‌లో తలకిందులుగా తిప్పాం. ఇది చాలామంది చేసేదే. బల్ల మీద పరిచిన కాగితం లాంటి పనికి బాగా కుదురుతుంది. ఇక్కడ మాత్రం ఆవిడ వంగినప్పుడల్లా నుదుటి మీద జుట్టు షాట్‌లోకి వచ్చేసింది. పైగా మెడ వంపు తగ్గాలంటే ఫ్రేమును ఆవిడ ముఖం వైపు వాల్చాలని నేను అనుకుంటున్నాను. అలా వాల్చితే ఎదురుగా ఉన్న కెమెరాకు బట్ట సరిగా కనబడదు. కెమెరా కోసం ఫ్రేమును చదునుగా ఉంచితే మెడ వంగుతుంది. మళ్లీ మొదటికే.

అప్పుడు ప్రశ్న తిరగేశాను. ముందు ఆవిడ హాయిగా కూర్చోవాలి, కెమెరా మిగిలిన చోట్లలో ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. ఫ్రేమును బల్లకు బిగించే స్టాండు మీద ఛాతీ ఎత్తుకు లేపి, ముప్పై అయిదు డిగ్రీలు ఆవిడ వైపు వాల్చాం. మోచేతులు బల్ల అంచు మీద ఆనుకున్నాయి. మెడ వంపు పదిహేను డిగ్రీల దగ్గర ఆగింది. ఇక ఫ్రేము ముఖం చూస్తున్న దిక్కున ఆవిడ తల తప్ప మిగిలిన చోటు ఏది? ఎడమ భుజం పైన. ఆవిడ కుడిచేతి వాటం గనక ఎడమనుంచి చూస్తే చెయ్యి సూదిని కప్పదు. గోడకు బిగించిన చేతికి ఫోన్ తగిలించి, ఎడమ చెవికి ఒక జానెడు దూరంలో, తలకన్నా కాస్త ఎత్తులో పెట్టాం. దగ్గరికి పోకుండా ఫోన్‌లో ఉన్న రెండు రెట్ల లెన్సు వాడాం. బొమ్మ తిప్పాల్సిన పని లేదు, చూసేవాళ్లకు తమ చేతులతో తామే కుడుతున్నట్టు కనబడుతుంది.

ఒక లోపం ఉంది. ఫోన్ తెర ఆవిడ వెనకవైపుకు ఉంటుంది, షాట్ ఎలా వస్తోందో కుట్టేటప్పుడు కనబడదు. ఫ్రేము స్టాండుకు బిగించి ఉంది, ఫోన్ గోడకు బిగించి ఉంది, రెండూ కదలవు గనక ఒకసారి సరిచూసుకుంటే చాలు. ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ ఎంత వెలుగుగా రావాలన్న సెట్టింగు) రెండూ లాక్ చేయడం మాత్రం మరిచిపోకూడదు. లేకపోతే వేలు అడ్డొచ్చిన ప్రతిసారీ ఫోన్ బట్టను వదిలి వేలిని పట్టుకుంటుంది.

ఈ మార్పు తర్వాత రెండు వారాల్లో భుజం నొప్పి ఏడు నుంచి నాలుగుకు వచ్చిందని డైరీలో ఉంది.

వెలుగు

రింగ్ లైటు ముఖానికి ఎదురుగా, కంటి ఎత్తులో, అరవై సెంటీమీటర్ల దూరంలో ఉండేది. మాట్లాడే షాట్లలో రెండు కళ్లద్దాల్లోనూ రెండు తెల్లటి చక్రాలు. ఆవిడ ఆ చక్రాలు పోవాలని వెలుగు తగ్గించేవారు, అప్పుడు ఫోన్ బొమ్మను గరుకుగా తీసేది, దాన్ని చూసి కెమెరా మార్చాలనుకునేవారు. కెమెరా కొనాలన్న ఆలోచన పుట్టింది ఇక్కడే.

అద్దం మీద వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగిపోతుంది. లైటును పైకి లేపి, పక్కకు జరిపి, కిందికి వంచితే ఆ తిరుగు వెలుగు కెమెరాకు తగలకుండా ఛాతీ వైపు పోతుంది. కళ్లజోడు కాడలను చెవుల మీద ఒక్క పిసరు పైకి లేపినా తేడా తెలుస్తుంది. రింగ్ లైటును పక్కనపెట్టి, ఒక చదరపు ఎల్‌ఈడీ ప్యానెల్‌కు తెల్లటి పలుచటి గుడ్డ కట్టి, ఎడమవైపు తలకన్నా ఎత్తులో పెట్టాం. కిటికీ కూడా ఎడమవైపే. వెలుగు ఎడమనుంచి వస్తే కుడిచేతి నీడ సూది మీద పడదు. రింగ్ లైటు అన్నివైపులా సమంగా పరిచేసిన దారం గీతలు పక్కవెలుగులో లేచి కనబడడం మొదలైంది. కెమెరా ప్రశ్న ఆ రోజుతో మళ్లీ రాలేదు.

రంగుల తంటా ఇంకొకటి. గది బల్బు పసుపు వెలుగుది, 2700 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె). కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు 5600 దగ్గర ఉంటుంది. రెండూ కలిసి బట్టకు ఒకవైపు పసుపు, ఒకవైపు నీలం పూస్తున్నాయి. ఎరుపు దారం నారింజ రంగులో కనబడుతోందని చూసేవాళ్లు రాసేవారట. తీసేటప్పుడు బల్బు ఆర్పేయడం, ప్యానెల్‌ను 5600 మీద పెట్టడం, వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనబడేలా ఫోన్ రంగులు సరిచేసుకునే సెట్టింగు) ఆటో నుంచి తీసి ఒకచోట కట్టేయడం, అంతే. వీడియోలో నల్లటి అడ్డచారలు పాకుతుంటే అది కరెంటు వల్ల. యాభై హెర్ట్జ్ కరెంటులో చవక బల్బు సెకనుకు వందసార్లు మినుకుతుంది, షటర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే చారలు ఆగుతాయి. అరవై హెర్ట్జ్ ఉన్నచోట 1/60, 1/120.

మోత

ఈ భాగం నాకు ఇష్టం, కాస్త ఎక్కువ రాస్తే క్షమించండి.

గదిలో చప్పట్లు కొడితే గోడల మధ్య టకటకమని తిరిగొచ్చే చప్పుడు వినబడేది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది. దానికోసమే ఫోమ్ ముక్కలు కొన్నారు, అతికించినా మోత పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే 1895లోకి వెళ్లాలి. హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో మాట అర్థంకాకుండా మోగుతుంటే, దాన్ని బాగుచేయమని వాలెస్ సబీన్ అనే ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన సాండర్స్ థియేటర్ సీట్ల దిండ్లు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లు పెడితే మోత ఎన్ని సెకన్లు తగ్గుతుందో కొలుస్తూ పోయాడు. దానిలోంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ వాడతాం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో భాగిస్తే మోత నిలిచే సమయం.

ఆవిడ గది సుమారు 30 ఘనమీటర్లు. మాటకు అనువుగా మోత 0.4 సెకన్లకు రావాలనుకుంటే పీల్చే వైశాల్యం దాదాపు 12 చదరపు మీటర్లు కావాలి. ముప్పై సెంటీమీటర్ల ఫోమ్ ముక్కలు పన్నెండూ కలిపితే ఒక చదరపు మీటరు కన్నా కొంచెం ఎక్కువ. పైగా మందం రెండున్నర సెంటీమీటర్లు. ఆడగొంతు మూలస్వరం 200 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, దాని అల పొడవు 1.7 మీటర్లు. అంత పలుచటి ఫోమ్ పైపై సకారాలను మింగుతుందే తప్ప ఆ అలను ఏమీ చేయలేదు. అందుకే గొంతు మరింత మొద్దుగా వినబడేది.

గదిలో పీల్చే వస్తువులు ముందే ఉన్నాయి: పరుపు, దిండ్లు, బట్టలతో నిండిన అల్మరా. వాటిని ఎలా వాడాలన్నదే ప్రశ్న. దానికి ముందు ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. కుట్టేటప్పుడే మాట్లాడడం అవసరమా? తల వంచి మాట్లాడితే గొంతు బట్టలోకి పోతుంది, మైకు నోటికి ఎదురుగా లేదు, ఫోన్‌లో ఉంది, పైగా వాక్యం గుర్తుపెట్టుకుంటూ కుట్టడం వల్ల భుజాలు బిగుసుకుంటాయి. మాటను విడిగా రికార్డు చేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "చేత్తో చేస్తున్నప్పుడే నాకు మాట వస్తుందండీ, తర్వాత కూర్చుంటే పాఠం అప్పచెప్పినట్టు ఉంటుంది." ఇది నిజమైన అభ్యంతరం, కొట్టిపారేయలేదు. మధ్యేమార్గం ఒకటి దొరికింది. కుట్టేటప్పుడు ఎలాగూ మాట్లాడతారు, దాన్ని రఫ్‌గా ఉంచుకుంటారు. తర్వాత ఆ వీడియో చూస్తూ, తన మాటే చెవిలో వింటూ మళ్లీ చెబుతారు. రెండో వీడియోకే అప్పచెప్పినట్టు వినబడడం మానేసింది.

మాట రికార్డు చేసేది అల్మరా తలుపులు బార్లా తెరిచి, బట్టలకు ఎదురుగా కూర్చుని. వీపు వెనక మంచం ఉంటుంది. మైకు నోటికి ఇరవై సెంటీమీటర్ల దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కొంచెం పక్కకు. దూరం సగమైన ప్రతిసారీ గొంతు ఆరు డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకు కొలత) పెరుగుతుంది, గది మోత పెరగదు. ఉదాహరణకు ఎనభై సెంటీమీటర్ల నుంచి ఇరవైకి వస్తే పన్నెండు డెసిబెల్స్ ఊరికే వచ్చినట్టు. ఫోమ్ ముక్కలు పీకేశాం, గోడకు రంగు కొంచెం ఊడింది.

దీనివల్ల నేను ఊహించని మేలు ఒకటి జరిగింది. ఇదివరకు చప్పుడు పడుతుందని షూటింగ్ మొత్తం ఫ్యాను ఆపేసి, లైటు వేడిలో చెమటలు కక్కుతూ రెండున్నర గంటలు కుట్టేవారు. ఇప్పుడు ఆ రికార్డింగ్ ధ్వని వాడరు గనక ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. మాట రికార్డు చేసే పది పది నిమిషాలు మాత్రం ఆపుతారు. మొత్తం మార్పుల్లో మీకు బాగా సుఖం అనిపించింది ఏది అని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు ఫ్యాను. అంత లెక్కలు వేసిన నాకు కొంచెం చిన్నతనం అనిపించిన మాట వాస్తవం.

రెండున్నర గంటలు ఎందుకు లేవరు

ఇంత చేసినా నొప్పి నాలుగు దగ్గర ఆగిపోయింది. భంగిమ బాగుంది, డైరీలో మాత్రం కుట్టు షూటింగ్ ఇంకా ఒకే బిగిన 140, 150 నిమిషాలని ఉంది. ఎంత మంచి భంగిమైనా కదలకుండా అన్ని గంటలుంటే కండరం ఓర్చుకోదు. అరగంటకోసారి లేవమని చెప్పాను, అలారం పెట్టించాను. అలారం మోగేది, ఆవిడ ఆపేవారు. నాకు విసుగొచ్చి ఒకరోజు అడిగేశాను, లేస్తే ఏం పోతుందని.

"లేస్తే ఏమీ పోదండీ. సగంలో ఆపితే సాయంత్రానికి ఇవన్నీ తీయాలి, రేపు మళ్లీ పెట్టాలి. ఇంకో గంట ఓర్చుకుంటే ఆ బాధ తప్పుతుంది కదా."

డైరీ తిరగేసి చూశాను. సామాను పెట్టడానికి నలభై నిమిషాలు, తీయడానికి పాతిక. ఆవిడ లెక్కలో లేవడం అంటే గంట ఖర్చు. ఎవరైనా అలాగే కూర్చుంటారు.

ఆ వారం మార్పు మొత్తం దీని మీదే. ఫోన్ పట్టే చెయ్యి గోడకు ముందే ఉంది, ముడిస్తే గోడకు ఆనుకుంటుంది. ప్యానెల్‌కూ గోడ మీదే చోటిచ్చాం. కుర్చీ, ఫ్రేము స్టాండు ఎక్కడ ఉండాలో నేల మీద, బల్ల అంచున రంగు టేపు ముక్కలు అతికించాం. కరెంటు తీగలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి, ఒకే స్విచ్చు. దారాలు, కత్తెర, సూదులు అన్నీ ఒక ట్రేలో. చుట్టాలు వస్తే ట్రే అల్మరాలోకి, స్టాండు మంచం కిందికి. అబ్బాయి టైం పెట్టి చూశాడు: పెట్టడానికి ఆరు నిమిషాలు, తీయడానికి నాలుగు.

అలారం అవసరం లేకుండానే తర్వాతి వారం డైరీలో ముప్పై అయిదు, నలభై నిమిషాల సిట్టింగులు కనబడ్డాయి. మధ్యలో బట్టలు ఆరేసి వచ్చాననో, ఫోన్ మాట్లాడి వచ్చాననో రాసి ఉంది.

నాలుగు నెలల తర్వాత

నొప్పి పదికి ఏడు నుంచి రెండుకు వచ్చింది. తిమ్మిరి మళ్లీ రాలేదు. ఇది ఒక్క మనిషి కథ, అంకెలు ఆవిడ వేసుకున్నవి. తలనొప్పి తగ్గింది అద్దాల వల్లేనని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఆ వారం ఇంకేమీ మార్చలేదు. భుజం విషయంలో కెమెరా చోటు మార్చడం ఎంత, చిన్న సిట్టింగులు ఎంత అని విడదీసి చెప్పలేను.

ఈ కేస్ తర్వాత నా ఫారంలో మూడు మార్పులు చేశాను. మొదటి ప్రశ్న ఇప్పుడు కళ్లజోడు ఏ రకం అన్నది, కుర్చీ ప్రశ్న ఆరోదానికి పోయింది. వారం డైరీ రాకుండా దేన్నీ ముట్టుకోవడం లేదు. సామాను పెట్టడానికి, తీయడానికి ఎంతసేపు అనే గడి కొత్తగా చేర్చాను. అది అరగంట దాటితే అన్నిటికన్నా ముందు దాని పనే పడుతున్నాను. మిగిలినవాటికి చాలాసార్లు అవసరం కూడా రావడం లేదు.

ఒకటి మాత్రం నా వల్ల కాలేదు. రాత్రి భోజనాల తర్వాత ఆవిడ ఇప్పటికీ మంచం మీద, దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద ల్యాప్‌టాప్‌తో ఒక అరగంట ఎడిటింగ్ చేస్తారు. ఇంట్లో అందరూ కబుర్లు చెప్పుకునే టైం అది, వేరే గదిలోకి వెళ్లి కూర్చోబుద్ధి కాదట. రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. డైరీలో ఆ అరగంట పక్కన నొప్పి అంకె ఎప్పుడూ పదికి ఒకటే.